చింతపండుతో తోమిన పేర్లు

పోయిన నెలలో ఒక ఆదివారం మా అమ్మాయి నన్నూ మనవరాలినీ కారెక్కించుకుని ఒక తోట చూపించడానికి తీసుకెళ్ళింది. మేముండే ఎడిసన్ ఊరి నుంచి గంటన్నర దారి. "నీకు మొక్కలంటే ఇష్టం కదమ్మా, ఆన్‌లైన్‌లో టికెట్లు బుక్ చేశాను" అంది. మొక్కలంటే ఇష్టమని నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు. బాల్కనీలో కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తాను, అంతే. పిల్లలు మనల్ని చూసి ఏదో ఒకటి అనుకుంటారు. కాదనడానికి పెద్ద కథ చెప్పాల్సి వస్తుందని ఊరుకుంటాం.

ఆ తోట ఒక పాత బంగళాది. ఎవరో డబ్బున్నాయన ఇంగ్లండులో ఒక జమీందారు ఇల్లు చూసి మోజుపడి అలాంటిదే ఇక్కడ కట్టించుకున్నాడట. ఇంటి ముందు చెరువంత పచ్చిక, కొలిచి కత్తిరించిన పొదలు, ఇటుక గోడల మధ్య గులాబీలు, ఒక అద్దాల ఇల్లు. గేటు దాటి పది అడుగులు వేశానో లేదో ఆ వాసన ముక్కుకు తగిలింది. అప్పుడే కోసిన గడ్డి, కుళ్ళిన ఆకుల ఎరువు, కత్తెర పడిన పొదల నుంచి వచ్చే కాస్త పిల్లి ఉచ్చలాంటి ఘాటు. నా కాళ్ళు ఆగిపోయాయి.

"అమ్మమ్మా, టైర్డ్ ఆ? అక్కడ బెంచ్ ఉంది" అంది మనవరాలు.

తోట చూపించే ముసలామె ఒకామె, తెల్ల జుట్టు, నా ఈడుదే, మమ్మల్నందరినీ పచ్చిక చివరికి తీసుకెళ్ళి నిలబెట్టింది. అవతల పచ్చిక బయలు, దాని వెనక గుట్టలు. మధ్యలో కంచె లేదు, గోడ లేదు. ఆమె ఏదో అడిగింది. మనవరాలు నా చెవిలో చెప్పింది. "అమ్మమ్మా, అప్పట్లో అవతల కౌస్ ఉండేవట. ఇటు రాకుండా ఎలా స్టాప్ చేశారో గెస్ చేయమంటోంది."

"అక్కడ పల్లం తవ్వుంటారు. పల్లంలో గోడ ఉంటుంది. ఇంట్లోంచి చూస్తే కనపడదు" అన్నాను.

మనవరాలు దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ముసలామె చప్పట్లు కొట్టి, ఇంతకు ముందు ఇక్కడికి వచ్చారా అని అడిగింది. రాలేదని తల ఊపాను. అలాంటి గోడను ఇటువైపు నుంచి చూడటం మాత్రం నాకదే మొదటిసారి.

మా ఊళ్ళో మా గుడిసెలు అలాంటి గోడకే అవతలివైపు ఉండేవి.

మా ఊరు ఒక కొండమీద. కింద పల్లెల్లో చెనిగ చేలు, అదే వేరుశనగ చేలు, ఎండకు మాడిపోతుంటే మేము పైన దుప్పట్లు కప్పుకునేవాళ్ళం. ఆ చల్లదనం చూసి ఎప్పుడో ఒక తెల్లదొర అక్కడ బంగళా కట్టాడు. వాళ్ళ దేశంలో వాళ్ళ నాయన ఇల్లు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉండాలని పట్టుబట్టాడట. రాతి కొండను పిండి చేసి మన్ను తెచ్చి పోసింది మా తాత, ఆయన తోటివాళ్ళు. దేశంలోంచి దొరలందరూ ఓడలెక్కి వెళ్ళిపోయినా మా దొరసాని మాత్రం వెళ్ళలేదు. దొర అంతకు ముందే చనిపోయాడు. "నేను పోతే పూలు ఏం తింటాయి?" అనేది, వచ్చీరాని తెలుగులో. మా వాళ్ళు వెనక్కి తిరిగి నవ్వుకునేవాళ్ళు.

మా నాయన ఆ తోటకు పెద్దమాలి. ఆయన కింద ఆరుగురు మగవాళ్ళు, కలుపు తీసే ఆడవాళ్ళు, వాళ్ళ వెనకాల మాలాంటి పిల్లకాయలు. తెల్లవారి మంచు ఆరకముందే పచ్చికలో వరసగా గొంతుక్కూర్చుని మొద్దు కత్తులతో గరిక పీకేవాళ్ళం. గరిక దొరసానికి పనికిరాదు. ఆమెకు వేరే గడ్డి కావాలి, మెత్తనిది, ఎక్కడినుంచో వచ్చిన విత్తనం.

"వినాయకునికి పెట్టే గరికను పీకి పారేసి పేరు లేని గడ్డికి నీళ్ళు పోస్తా ఉండాం. మనకు మోక్షం యాడిదే?" అనేది మా వరసలో ఒక పెద్దామె. మేమంతా ఆమెను అవ్వా అనేవాళ్ళం.

"నీకు మోక్షం ఎందుకవ్వా, అక్కడ గూడా దొరసాని ఉంటే మళ్ళా కలుపు తీయల్ల" అనేది మా అమ్మ.

నవ్వులు గట్టిగా వినిపిస్తే మేడమీద కిటికీ తెరుచుకునేది. అంతే, అన్ని తలలూ నేలకు వంగేవి.

పది గంటలకు సంగటి. రాగి సంగటి ముద్ద, అందులో గుంట చేసి ఊరిబిండి. వేయించిన చెనిగ్గింజలు, పచ్చిమిరపకాయలు రోట్లో వేసి నూరిన ఆ పచ్చడి వాసన కొండగాలికి ఎంత దూరం పోయేదో. అదే సమయానికి బంగళా వంటింట్లోంచి వెన్న, చక్కెర కాలుతున్న వాసన వచ్చేది. రెండు వాసనలూ గోడ దగ్గర కలుసుకునేవి. వంటవాణ్ణి మేము బట్లరు తాత అనేవాళ్ళం. కేకు అంచులు మాడితే కోసి ఒక కాగితంలో పెట్టి కిటికీలోంచి మాకు అందించేవాడు. తినొచ్చా తాతా అని ఎవరైనా వెనకాడితే, "దీంట్లో గుడ్డు ఉండాది, వెన్న ఉండాది, కులం మాత్రం లేదు. కావాలంటే ఇంటికి పోయి కలుపుకో" అనేవాడు.

మా దొంగతనాలు మాకుండేవి. వల కింద పండే స్ట్రాబెర్రీలు పక్షులు తిన్నాయని చెప్పేవాళ్ళం. కమ్మల చెట్టు మొగ్గల్ని రెండు వేళ్ళతో నొక్కితే టప్పుమని పేలేవి. చెవి కమ్మల్లా వేలాడే పూలని నాయన దానికి ఆ పేరు పెట్టాడు. దొరసాని భాషలో దాని పేరు వేరే. ఆ పేరూ ఆయనకు వచ్చు. చిన్నప్పుడు దొర వెనకాల నీళ్ళ డబ్బా మోస్తూ తిరిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పి, తోటలో ప్రతి చెట్టు పేరూ నోటికి నేర్చుకున్నాడు. కళ్ళు మూసి ఆకు చేతికిచ్చినా చెప్పేవాడు. మొగ్గలు పేలినట్టు కనపడితే మాత్రం, "ఎవరి చెయ్యి ఇది?" అని బెత్తం తీసుకుని వచ్చేవాడు. పూల మడుల్లోకి పిల్లకాయలు అడుగు పెట్టకూడదు. అది ఆయన పెట్టిన చట్టం. కన్నబిడ్డనని నాకేమీ మినహాయింపు లేదు. నా పిక్కల మీద వాతలు రెండుసార్లు తేలాయి.

ప్రతి మొక్క మొదట్లో ఇనప పుల్లకు తగిలించిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దొర పట్నంలో చెప్పి చేయించినవి. వాటి మీద గీతలు చెక్కి ఉండేవి. ఆ గీతలు పేర్లని మాకు తెలియదు. మేం పుట్టేసరికే అవి పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. వాటిని ఎవరూ చూసేవాళ్ళు కాదు. నాయన అసలే చూసేవాడు కాదు. చెట్టు ఉండగా బిళ్ళెందుకు?

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు దొరసానికి జబ్బు చేసింది. ఇక వాళ్ళ దేశానికి వెళ్ళిపోతానంది. బంగళానూ తోటనూ పట్నంలో ఒక పూల సంఘం వాళ్ళు తీసుకుంటారని, వాళ్ళు ముందొకసారి వచ్చి చూస్తారని చెప్పింది. నాయనను వరండా మెట్ల దగ్గరికి పిలిపించింది. నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను.

"నేను పోతాను. నువ్వు పోవద్దు" అంది. "నేను వాళ్ళకు చెప్తాను. ఈ మనిషి లేదు, ఈ తోట లేదు. నువ్వే పెద్ద, ఎప్పటికీ."

ఆ పూట నాయన సంగటి సగంలో వదిలేసి లేచాడు. "ఏమే, నేను చచ్చేదాకా ఈ తోటలోనే. ఆమె నోటితో చెప్పింది" అన్నాడు అమ్మతో. అంత సంతోషంగా ఆయన్ని నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ వారమంతా తోటకు పెళ్ళికళ వచ్చింది. దారుల్లో ఎర్రమన్ను తోలారు. అద్దాల ఇంటి అద్దాలు కడిగారు. అమ్మను బంగళాలోకి పిలిచి ఇత్తడి సామానంతా తోమమన్నారు. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పెట్టుకుని అమ్మ రెండు రోజులు తోమింది. గంగాళాలు, దీపం స్తంభాలు, తలుపు గుబ్బలు అన్నీ బంగారం అయ్యాయి. దొరసాని వచ్చి చూసి, "అన్నీ ఇలాగే మెరవాలి. అన్నీ" అంది.

ఆ 'అన్నీ' నా చెవిలో పడింది.

వాళ్ళు వచ్చే ముందు రోజు మధ్యాహ్నం మగవాళ్ళు కొండదారిలో తోరణాలకు మామిడాకు కోయడానికి పోయారు. ఆడవాళ్ళు తిని నీడన వాలారు. నేను గంప తీసుకుని మడుల్లోకి దూరాను. ఒక్కొక్క బిళ్ళే ఊడదీసి గంపలో వేసుకున్నాను. అమ్మ దగ్గర మిగిలిన చింతపండు గుజ్జు తీసుకుని, గోడ పల్లంలో కూర్చుని, నీళ్ళ డబ్బా పక్కన పెట్టుకుని తోమాను. గోళ్ళు మండాయి. పచ్చని చిలుమంతా పోయి ఎర్రగా, తర్వాత పసుపుగా, చివరికి సూర్యుడు తగిలితే కళ్ళు చెదిరేలా వచ్చాయి. మా ఊరి పిల్ల ఎవరైనా నాలాగే అనుకునేది: బిళ్ళంటే చెట్టుకు పెట్టిన బొట్టు. ఏ బొట్టు ఏ ముఖానికి పెడితే ఏం? పెద్ద బిళ్ళలు పెద్ద చెట్లకు పెట్టాను. అంచున పువ్వు చెక్కిన చక్కని బిళ్ళలు నాకిష్టమైన వాటికి పెట్టాను. కమ్మల చెట్టుకు అన్నిటికంటే అందమైనది పెట్టాను. ఒక్క చెట్టునూ ఉత్త నొసటితో వదల్లేదు.

సాయంత్రం నాయన తిరిగొచ్చి తోట చూసి నిలబడిపోయాడు. వాలుతున్న ఎండకు మడులన్నిట్లో చిన్న చిన్న దీపాలు పెట్టినట్టుంది. నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఏమే, బిళ్ళలు గూడా తోమినావా? నాకు తోచనే లేదు చూడు. దొరసాని కిటికీలోంచి చూసి మురిసిపోతా ఉండాది."

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా చేతుల వైపు చూసింది. గోళ్ళ సందుల్లో చింతపండు నలుపు. ఆమెకు అంతా అర్థమైంది. మడుల్లోకి పోయినందుకు బెత్తం పడుతుందని ఆమె భయం. నా వైపు కళ్ళతోనే వద్దని చెప్పి, "ఆ, చేతికి పనిలేక తోమినా" అంది నాయనతో.

"నీ చేతిలో లక్ష్మి ఉండాదే" అన్నాడు నాయన.

నాకు ఏడుపొచ్చింది. నా మెప్పు అమ్మ తీసేసుకుందని.

మర్నాడు వాళ్ళొచ్చారు. ముగ్గురు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన అందరికంటే పెద్ద. కలుపు తీసే మమ్మల్నందరినీ కనపడకుండా పొదల వెనక కూర్చోబెట్టారు. ఆకుల సందులోంచి చూస్తున్నాను. దొరసాని టోపీ పెట్టుకుని ముందు నడుస్తోంది. నాయన తలపాగా చుట్టుకుని నాలుగడుగుల వెనక.

కళ్ళజోడాయన మొదటి మడి దగ్గర వంగి బిళ్ళ చదివాడు. చెట్టు వైపు చూశాడు. మళ్ళీ బిళ్ళ చదివాడు. రెండో దాని దగ్గరికి వెళ్ళాడు. మూడో దాని దగ్గర ముగ్గురూ నవ్వేశారు. గులాబీ దగ్గర ఏదో నాచు పేరుందని, కొండంత చెట్టు దగ్గర అరచేతి ఎత్తు పూలమొక్క పేరుందని తర్వాత బట్లరు తాత చెప్పాడు. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, దొరసాని మెడ ఎర్రగా కందిపోయింది.

"ఎవరు మార్చింది ఇవన్నీ?" తెలుగులోనే అడిగాడు కళ్ళజోడాయన.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాయనకు ఒక్క క్షణం పట్టింది. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేనే సామీ. తోమడానికి తీసినా."

"తీస్తే తీశావు. చూసి పెట్టొద్దా? చదవడం వచ్చా నీకు?"

"రాదు సామీ. బిళ్ళ చూసి ఏనాడూ నీళ్ళు పోయలేదు." అని, ఆగకుండా, ఆ మడి చివర నుంచి ఈ చివర వరకు వేలు పెట్టి చూపిస్తూ ప్రతి చెట్టు పేరూ చెప్పాడు. ఏ ఏడు నాటింది, ఏ నెలలో పూసేది, దేనికి పేడ పడదు, దేనికి సున్నం కావాలి. ఒక్కటి తప్పలేదు. తప్పింది ఆయన నాలుకే. ఆ పేర్లు మా నాయన నోట్లో మా ఊరి పేర్లయిపోయేవి. ఒక్కో పేరుకూ వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. మా నాయన, వాళ్ళు మెచ్చుకుంటున్నారనుకుని, ఇంకా గట్టిగా చెప్పాడు.

అంతా అయ్యాక కళ్ళజోడాయన అన్నాడు. "నీళ్ళు పోసే మనిషి ఎక్కడైనా దొరుకుతాడు. మాకు తోట చూసుకునే మనిషి కావాలి."

నాయన దొరసాని వైపు చూశాడు. నేనూ ఆమె వైపే చూశాను. ఇప్పుడు చెబుతుంది, ఈ మనిషి లేదు ఈ తోట లేదు అని. ఆమె చేతి తొడుగులు సర్దుకుంది. ఇంగ్లీషులో ఏదో అని ముందుకు నడిచింది. బట్లరు తాత తర్వాత చెప్పాడు ఆమె ఏమందో. టీ చల్లారిపోతుంది, లోపలికి రండి అందట.

ఇంటికొచ్చి నాయన అమ్మను కొట్టలేదు. కొట్టుంటే బాగుండేదేమో. గోడకు ఆనుకుని కూర్చుని, "నీ చింతపండు నా బతుకును తోమేసిందే" అన్నాడు. అమ్మ పొయ్యి ఊదుతూ ఉండిపోయింది. నేను లేచి ఆయన దగ్గరికి పోబోతే చెయ్యి పట్టి లాగింది.

మర్నాడు బట్టలుతికే బండ దగ్గర నాతో చెప్పింది. "మీ నాయన నన్నంటే రెండు దినాలు అంటాడు, మర్చిపోతాడు. నీ మీద పెట్టుకుంటే నువ్వు బతికినన్నాళ్ళూ మోస్తావు. నోరు మూసుకో పాపా."

మర్చిపోలేదు.

దొరసాని వెళ్ళిపోయింది. చదువుకున్న కొత్త పెద్దమాలి వచ్చాడు. ముందు పుస్తకం చూసి బిళ్ళలన్నీ సరిగ్గా పెట్టించాడు. నాయనకు కావడి ఇచ్చారు, నీళ్ళు మోయమని. మొదటి చలికాలంలోనే కొత్తాయన నీలి గుత్తుల చెట్లను మొదలంటా నరికించాడు. నాయన కావడి దించి, "సామీ, పాత కొమ్మకే మొగ్గ వస్తుంది. ఎండిన గుత్తులు మాత్రం తుంచాల, కొమ్మ ముట్టకూడదు" అన్నాడు.

"చదివినోణ్ణి నేనా, నువ్వా?"

ఆ ఏడు ఒక్క గుత్తి లేదు. ఆ పైయేడు అద్దాల ఇంట్లో నాచు మొక్కలన్నీ మధ్యాహ్నపు నీళ్ళకు కుళ్ళిపోయాయి. బిళ్ళలు మాత్రం ఎక్కడివక్కడ ఉన్నాయి, చచ్చిన మొక్కల దగ్గర. మా నాయన రోజూ వాటి పక్కనుంచే నీళ్ళు మోసుకుపోయేవాడు. ఇంకో ఏడాదికి ఆ పనీ మానేసి, కొండ దిగి చెనిక్కాయల మిల్లులో మూటలు మోయడానికి పోయాడు. తర్వాత ఆ సంఘం కూడా తోటను వదిలేసింది. పచ్చిక మీద ఏవో గదులు కట్టారని విన్నాను. గరిక మాత్రం మళ్ళీ వచ్చుంటుంది, ఎవరూ పీకేవాళ్ళు లేక.

నాయన నాకు చదువు చెప్పించలేదు. తోట ఉండుంటే చెప్పించేవాడేమో. అది నా అనుమానం మాత్రమే. అక్షరం అంటే మా ఇంట్లో ఒక రకమైన పగ ఉండేది, ఆ పగ నాకూ అంటుకుంది. పెళ్ళయింది, కూతుర్ని చదివించుకున్నాను, మా ఆయన పోయాక దానితోపాటు ఈ దేశం వచ్చాను. ఇక్కడ మనవరాలిని ఆదివారాలు తెలుగు క్లాసుకు తీసుకెళ్ళేదాన్ని. ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో జరిగేది. వెనక కుర్చీలో కూర్చుని చలికి శాలువా కప్పుకుని ఊరికే చూసేదాన్ని. పాఠం చెప్పే అమ్మాయి వారమంతా ఆఫీస్‌లో ప్రాజెక్టులు చేసుకుని ఆదివారం వచ్చేది. ఒకరోజు, "ఆంటీ, ఖాళీగా ఎందుకు, మీరూ రాయండి" అని పలక నా ఒళ్ళో పెట్టింది. ఆరేళ్ళ పిల్లలు నన్ను చూసి కిసుక్కుమన్నారు. నా 'అ' పడుకున్న పిల్లిలా ఉందని మనవరాలు అంది. నాలుగేళ్ళయింది. తెలుగు చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషు బోర్డులు కూడబలుక్కుంటాను.

అందుకే ఈ తోటలో ప్రతి మొక్క దగ్గరా పేరు రాసి ఉంటే నిలబడి చదివాను. మా నాయన నోటి నుంచి విన్న పేర్లే. ఇప్పటికీ నా చెవికి ఆయన పలికిన తీరే సరైనదనిపిస్తుంది.

ముసలామె గులాబీల దగ్గర ఆ డబ్బున్నాయన గురించి చెబుతూ పోయింది. ఆయన నాటాడు, ఆయన పెంచాడు, ఆయన తవ్వించిన కొలను ఇది. మనవరాలితో అడిగించాను, మాలీలు ఎవరు అని. చాలామంది ఉండేవారట, వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. పేర్లు ఎక్కడా రాసి లేవని చెప్పి, మంచి ప్రశ్న అని మెచ్చుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. అది అరవై మైళ్ళ వేగంతో పోతూ అంతా వింది. చివర, "అమ్మా, నీకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఎవరి తప్పూ కాదు. ప్లీజ్, లెట్ ఇట్ గో" అంది.

వెనక సీటులోంచి మనవరాలు ఫోను పక్కన పెట్టి అడిగింది. "బట్ అమ్మమ్మా, నువ్వు పెద్ద అయ్యాక మీ నాయనకి ఎందుకు చెప్పలేదు?"

అమ్మ వద్దంది కదా అన్నాను. దానికి అది చాలింది. నిజం అది కాదు.

నలభై ఏళ్ళు మా నాయన ఆ మాట అంటూనే ఉన్నాడు. తిట్టేవాడు కాదు, ఎగతాళి. చారులో పులుపెక్కువైతే, "జాగ్రత్తే, ఈసారి ఏం తోమి పోగొడతావో" అనేవాడు. అల్లుళ్ళ ముందు అనేవాడు, పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చుని అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వి ఇంకో గరిటె వడ్డించేది. ఒక్కోసారి నా వైపు చూసేది. కోపంగా కాదు. నేనేం చేస్తానో చూద్దామన్నట్టు.

అమ్మ పోయాక నాయన నా దగ్గర రెండేళ్ళు ఉన్నాడు. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు. "మీ అమ్మ మంచిదే. ఆ ఒక్క పని చేయకుండా ఉంటే, నేను ఆమెను ఇంకా బాగా చూసుకునేవాణ్ణి."

అప్పుడు నన్ను వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో మేమిద్దరమే. నాకు యాభై దాటాయి, బెత్తం భయం లేదు. ఒక్క మాట చాలు. ఆయన ముద్ద కలుపుతూ నా ముఖంలోకి చూశాడు. నేనంటే ఆయనకు ప్రాణం. నాకు ముగ్గురు అన్నదమ్ములున్నా ఆయన నా ఇంటికే వచ్చాడు. ఆ చూపు పోతుందని, అమ్మకు ఇవ్వకుండా ఆపుకుని నాకిచ్చిన ప్రేమంతా వెనక్కి తీసుకుంటాడని, నోరు మూసుకున్నాను. ఆయన పళ్ళెంలో ఇంకాస్త మజ్జిగ పోశాను.

ఆ తర్వాత మూడో నెలలో పోయాడు.

రాయడం వచ్చిన రోజు నుంచి నేను రాయాలనుకున్నది ఇదొక్కటే. ఇన్నాళ్ళూ వంటల పేర్లు, సరుకుల చీటీలు రాస్తూ వచ్చాను. ఇప్పుడు రాశాను. ఇది చదవాల్సిన వాళ్ళు ఇద్దరే. ఇద్దరికీ చదువు రాదు.